ఆవనూనెలో కలిపిన మసి

రైల్వేలో చేరినవాడికి ఏ రోజు రిటైరై దిగిపోతాడో చేరిన రోజే తెలుస్తాది. నాలాటి ఫోటో స్టూడియో వాడికి అలాటి తారీఖేటీ ఉండదు. కళ్ళు కనిపించినన్నాళ్ళు, చెయ్యి వణకనన్నాళ్ళు తీస్తూనే ఉంటాం. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, చెయ్యీ వణకదు. అయినా మానేసినాను. ఎందుకు మానేసినావని అడిగినోళ్ళకి నడుం నొప్పి అని చెప్పుకుంటూ వచ్చినాను. అది అబద్ధం.

ఈమధ్య మా రైల్వే ఊళ్ళో ఖరిదా పేట నుంచీ పూరీ గేట్ నుంచీ కుర్రాళ్ళు ఒకరి తరవాత ఒకరు నా ఇంటికొస్తన్నారు. రాప్ వీడియోలు తీస్తారట, నేర్పమంటన్నారు. ఏ కెమెరా మంచిదో, ఏ యాప్‌లో ఎడిట్ చెయ్యాలో నాకన్నా మీకే బాగా తెలుసు, అవి నన్నడక్కండి. నాకు తెలిసింది రెండే రెండు ముక్కలు. మనిషికి ఏ బట్ట తొడుగుతాం, కెమెరా ఎంత ఎత్తులో పెడతాం. రాప్ వీడియోకి బతుకైనా చావైనా ఈ రెండిట్లోనే ఉన్నాది. ఈ రెండిటితోనే నేనొక మంచి మనిషిని ఊరందరి ముందూ చిన్నబుచ్చినాను. అది చెప్పకుండా మిగతాది చెప్తే మీరు సగమే నేర్చుకుంటారు.

దాదా కోటు

నాకు పని నేర్పినాయన బెంగాలీ. ఖరిదాలో స్టూడియో ఉండీది. పేరెట్టి ఎవరూ పిలిచీవారు కాదు, దాదా అంటే వాళ్ళలో అన్న, ఊరందరికీ దాదాయే. నోరు మాత్రం మంచిది కాదు. లెన్సు మీద వేలిముద్ర పడితే నన్నే కాదు, మా తాతని కూడా తిట్టీవాడు. కానీ బట్ట సంగతి ఆయనకి తెలిసినట్టు నాకు తెలిసిన ఇంకెవరికీ తెల్దు.

స్టూడియోలో మేకుకి ఒకే ఒక్క నల్లకోటు వేలాడీది. సన్నటోడికైనా లావుపాటోడికైనా అదే. లావైతే ముందు బొత్తాలు విప్పి చేతులు అడ్డం పెట్టించీవాళ్ళం, సన్నమైతే వీపు దగ్గర క్లిప్పులు బిగించీవాళ్ళం. మన తెలుగోళ్ళు, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ తాతల కాలంలో ఈ బెంగాలీ ఊరికి వచ్చి రైల్వే వర్క్‌షాపులో పాతుకుపోయినోళ్ళు, ఫోటోకి వస్తే ఆ కోటే అడిగీవారు. వర్క్‌షాపు నీలం డ్రెస్సులో తియ్యమని ఒక్కడూ అడగలేదు. మా అయ్య కూడా ఫిట్టరే. మా ఇంట్లో గోడ మీద ఇప్పటికీ ఆ కోటులోనే ఉన్నాడు.

ఒకసారి దాదాతో అన్నాను, అందరికీ ఈ అబద్ధం కోటు ఎందుకు, ఉన్నవాణ్ణి ఉన్నట్టు తీద్దాం కదా అని. ఆయన క్లిప్పు బిగిస్తూ తల తిప్పకుండా చెప్పినాడు. "కోటు వాడిది కాకపోతే పర్లేదురా. కోరిక వాడిదై ఉండాలి." ఆ రోజు అదేదో వ్యాపారం మాట అనుకున్నాను. అర్థం అయ్యేసరికి నా తల నెరిసిపోయినాది.

నల్లద్దాల్లో లుంగీ

రాప్ మా వీధుల్లోకి కుర్రాళ్ళ ఫోన్లలోంచి వచ్చినాది. దాదా పోయినాక స్టూడియో నేనే చూసుకుంటన్నాను, పెళ్ళిళ్ళు తీసుకుంటన్నాను. పూరీ గేట్ కుర్రాడొకడు మొదటిసారి రాప్ తియ్యమని వచ్చినప్పుడు పెళ్ళి తీసినట్టే తీసినాను. ట్రైపాడ్ ఎత్తుగా పెట్టి, మెల్లగా జూమ్ చేసి, ఎడిటింగులో గులాబీ రేకులు రాల్చినాను. కుర్రాడు అంతా చూసినాడు. తరవాత, "మావయ్యా, నేను తిడతన్నాను, నువ్వు అక్షింతలు జల్లుతన్నావు" అన్నాడు. నవ్వొచ్చినాది గానీ మాట నిజం.

అప్పుడు కూర్చుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. పాట పాడీవాడు కళ్ళతో పాడతాడు. రాప్ చెప్పీవాడు భుజాలతో, చేతులతో చెప్తాడు. అందుకని కెమెరా దూరంగా ఉంటే పనికిరాదు. వైడ్ లెన్సు పెట్టుకుని చెయ్యి అందేంత దగ్గరకి పోవాలి. అప్పుడు వాడు లెన్సు మీదకి చెయ్యి విసిరితే ఆ చెయ్యి పళ్ళెమంత అవుతాది. మరీ ముఖం మీదకి పోతే ముక్కు ఉబ్బిపోతాది, వాళ్ళమ్మ గుర్తుపట్టదు. బొడ్డు కన్నా కింద కెమెరా పెట్టి పైకి చూస్తే ఎంత బక్కోడైనా పెద్దోడైపోతాడు. పైనుంచి కిందకి చూస్తే ఎంత పెద్దోడైనా తగ్గిపోతాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాది.

బట్ట వదులుగా ఉండాలి. ఒళ్ళు కదిలినాక రవ్వంత ఆగి బట్ట కదలాలి, అప్పుడే దెబ్బ దెబ్బకీ ఊపు కనపడతాది. సన్న గీతల చొక్కా వద్దు, కెమెరాలో పురుగులు పాకినట్టుంటాది. మా ఎండలో తెల్ల టీషర్టు వేస్తే చొక్కా ఒకటే కనపడతాది, మనిషి కనపడడు. మెడలో గొలుసు తేలిగ్గా ఉంటే ఎగురుతాది, ఊగదు. బరువైన గొలుసు మాకెక్కడ దొరుకుతాది? పాత సైకిల్ చైనుకి బంగారు రంగేసి ఒకడి మెడలో వేసినాను. భలే ఊగినాది. మెడంతా గ్రీజు అంటుకుందని వాళ్ళమ్మ నన్ను తిట్టినాది, అది వేరే సంగతి.

ఇంకొకటి, నల్లకళ్ళజోళ్ళు. ఒకడికి పెద్ద నల్లద్దాలు పెట్టి, ముఖం దగ్గరకి పోయి తీసినాను. వాడు లోకాన్ని ఏలేస్తానని చెప్తన్నాడు, వాడి రెండద్దాల్లోనూ నేను లుంగీ ఎగ్గట్టి, గొడుగు కింద వంగి నిలబడి ఉన్నాను. నేను చూసుకోలేదు, ఖరిదా అంతా చూసినాది. కూరగాయలమ్మే దీదీ కూడా ఇది ఆ వీడియోలో లుంగీయేనా అని అడిగినాది. కెమెరా మనిషి ఫ్రేములో కనపడకూడదని ఆ రోజు చెంపలేసుకున్నాను.

గేటు లోపల నీళ్ళు

ఇప్పుడు శైలు సంగతి. సింహాచలం అని వర్క్‌షాపులో ఫిట్టరు, మా వైపు వాడే. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అనుకునీవాళ్ళం. ఊళ్ళో నేనుండీది ఝపటాపూర్‌లో, వాళ్ళు రైల్వే క్వార్టర్లో. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు శైలు. డిగ్రీ చదువుతాది, నన్ను మావయ్యా అంటాది. ఆ పిల్ల రాప్ రాస్తాదని నాకు తెల్దు. ఒకరోజు స్టూడియోకొచ్చి, గోడవైపు తిరిగి, సిగ్గుపడుతూ చెప్పినాది.

"మా అయ్య గోరు సూడు, గోరు కింద గీత సూడు,
ఆ గీత పట్టుకునే నేనింత దూరం వచ్చినాను సూడు."

ఇంకోసారి చెప్పించుకున్నాను. ఎందుకో మీకు తెలియాలంటే మా వాళ్ళ అలవాటొకటి చెప్పాలి.

వర్క్‌షాపులో పనిచేసీ మా వాళ్ళు మసితో గేటు దాటరు. సైరన్ కూసేముందే కిరోసిను, రంపప్పొట్టు పెట్టి చేతులు రుద్దుకుంటారు. కుళాయి కింద స్నానం చేస్తారు. నీలం డ్రెస్సు సంచిలో కుక్కి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని సైకిలెక్కుతారు. ఆడవాళ్ళు ఆ నీలం బట్టలు వేరే బకెట్టులో ఉతికి పెరట్లో ఆరేస్తారు, వీధివైపు ఆరెయ్యరు. విశ్వకర్మ పూజ నాడు పెళ్ళాం పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు గానీ ఆ రోజు మిషన్లు కూడా కడిగి బొట్టు పెట్టి ఉంటాయి. అంచేత మా పిల్లలెవరూ తండ్రిని మసిలో చూడలేదు. నేనూ చూడలేదు. శైలూ చూడలేదు. ఎంత రుద్దినా పోనిది గోటి కింద నల్లగీత ఒక్కటే. ఆ పిల్ల చూసింది అదే, రాసింది అదే.

ఆ గోరు ఒక్కటి దగ్గరగా తీసి, అన్నం కలుపుతున్న చెయ్యి ఒకటి తీసి, పిల్లని ఆ శుభ్రమైన క్వార్టరు గుమ్మంలో నిలబెట్టి ఉంటే సరిపోయీది. పాట అడిగింది అంతే.

నిచ్చెన మీంచి

వీడియో డైరెక్ట్ చేసింది నిఖిల్ అని, వరంగల్ కుర్రాడు. ఈ ఊళ్ళో పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతాడు, శైలు పాట ఎక్కడో విని వెతుక్కుంటూ వచ్చినాడు. మంచి పిల్లాడు. వాడి మీద తప్పు తోసీడానికి ఇది రాయడం లేదు, ఒకసారి తోసినాను, అది కూడా చెప్తాను.

శైలు తన తండ్రి నీలం చొక్కా తొడుక్కుని పాడతానన్నాది. ఆ మాట బాగున్నాది. తండ్రి చొక్కా పిల్లకి వదులుగా ఉంటాది, చేతులు మడిచితే ఊపు వస్తాది. సింహాచలం రెండు జతలిచ్చినాడు. ఒకటి కూతురికి, ఒకటి ఆఖర్లో తను కనపడీ షాటుకి. పార్వతమ్మ గంజిపెట్టి ఇస్త్రీ చేసి, పేపర్లో చుట్టి పంపినాది. మడత చెదరకుండా సింహాచలం రెండు చేతులమీద పెట్టుకుని తెచ్చినాడు.

నిఖిల్ చూసి ముఖం అదోలా పెట్టినాడు. "అంకుల్, మరీ నీట్‌గ ఉన్నయి. స్కూల్ డ్రెస్ లెక్క ఉన్నది" అన్నాడు. నిజమైన కార్మికుడిలా కనపడాలట.

అక్కడ నేను ఒక్క మాట అనాల్సింది. బాబూ, మా దగ్గర నిజమైన కార్మికుడు ఇలగే కనపడతాడు అని. అన్లేదు. ఎందుకన్లేదు? ఆ కుర్రాళ్ళు నన్ను పెళ్ళిళ్ళ మావయ్యగా కాకుండా పెద్ద టెక్నీషియన్‌గా చూస్తన్నారు. ఆ చూపు తలకెక్కినాది. "దానికేటి, నేను చూసుకుంటాను" అన్నాను.

గ్రీజు రాస్తే కెమెరాలో మెరుస్తాది, మసిలాగ ఉండదు. దీపం మసి ఆవనూనెలో కలిపి, గుడ్డతో అద్దితే పాతమరకలాగ కనపడతాది. అది దాదా నేర్పిన కిటుకు, నాటకాలోళ్ళకి మేకప్ వేసేటప్పుడు. ఆ ముద్ద నా చేతులతో కలిపి శైలు చొక్కాకి పూసినాను. తరవాత సింహాచలం చొక్కాకి పూసినాను. మెడకి, చెంపలకి, నుదుటికి పూసినాను. ఆయన కళ్ళు మూసుకుని, మంగలి ముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నాడు.

వాళ్ళ క్వార్టరు ముందు మల్లెపందిరి ఉన్నాది, తులసికోట ఉన్నాది. అది పనికిరాదని, పాడుబడ్డ క్వార్టర్ల దగ్గర కూలిన గోడ చూసుకున్నాం. శైలుని నేను నేల మీద పడుకుని తీసినాను, ఆకాశమంత ఎత్తుగా వచ్చినాది. సింహాచలం షాటుకి నిచ్చెన వేయించినాను.

"కిందే కూకోవాలా బావా?" అని అడిగినాడు.

"కిందే. టిఫిను డబ్బా విప్పి ముందు పెట్టుకో. తల దించు" అన్నాను.

"తల ఎందుకు?"

"పాటకి బాగుంటాది."

దించినాడు. నిచ్చెన మీంచి వైడ్ లెన్సులో చూస్తే చుట్టూ ఇటుకలు, మట్టి, మధ్యలో గుప్పెడంత మనిషి. పైనుంచి తీస్తే మనిషి తగ్గిపోతాడని ఇందాక మీకు చెప్పినాను చూడండి, అది తెలిసే తీసినాను. తీసి, దిగి, "ఓకే, సూపర్" అన్నాను. ఆ "సూపర్" తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు చచ్చిపోతాది.

ఉతికినా పోలేదు

వీడియో బయటికొచ్చినాది. బయటోళ్ళు తెగ మెచ్చుకున్నారు. నా కెమెరా గురించి ఎవరో రాసింది నిఖిల్ చదివి వినిపిస్తే నేను రెండోసారి చదివించుకున్నాను.

క్వార్టర్ల లైనులో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. మీ ఆయన ఇలగే ఇంటికొస్తాడా అని పార్వతమ్మని కుళాయి దగ్గర అడిగినారట. వర్క్‌షాపులో తోటోళ్ళు సింహాచలంతో, నీ కూతురు మనందర్నీ అడుక్కుతినీవాళ్ళలాగ మట్టిలో కూకోబెట్టినాది, పేరు కోసం అబద్ధాలాడినాది అన్నారట. శైలుని వీధిలో పిల్లలు అబద్ధాల రాపరు అని పిలవడం మొదలెట్టినారు. ఆ పిల్ల వీడియో తీసేస్తానన్నాది, ఇక పాడనన్నాది.

నాకు కబురు తెలిసి వాళ్ళింటికెళ్ళినాను. సింహాచలం కుర్చీ వేసి టీ ఇప్పించినాడు. వీడియో ఊసెత్తలేదు. ఈ నెలాఖరుకి తను రిటైరవుతున్నట్టు చెప్పినాడు. పార్వతమ్మ మాత్రం, సోడా వేసినా నిమ్మకాయ రుద్దినా ఆవనూనె మరక పోలేదు అన్నయ్యా, అన్నాది. కోపంగా కాదు, మామూలుగానే అన్నాది.

నేను క్షమించమని అడగడానికి వెళ్ళినాను. నోరు తెరిచేసరికి, "ఆ నిఖిల్ పట్టుబట్టినాడు బావా, నేనేం చేస్తాను" అని వచ్చినాది.

శైలు వంటింటి గుమ్మంలోకొచ్చినాది. కళ్ళు వాచి ఉన్నాయి. "నిఖిల్‌కి తెల్దు మావయ్యా, అయ్య అలగ చిన్నబోయి కనపడతాడని. నాకూ తెల్దు. నీకు తెలుసు. మసి కలిపింది నువ్వే గదా" అన్నాది.

టీ సగంలో వదిలేసి వచ్చేసినాను.  దారిపొడుగునా దాదా క్లిప్పు బిగిస్తూ అన్నమాటే గుర్తొచ్చినాది. ఆ మసి సింహాచలానిదీ కాదు, ఆ కోరికా సింహాచలానిది కాదు.

ఆఖరి రోజు

మా వాళ్ళలో రిటైరైన రోజు పెద్ద పండగ. తోటోళ్ళు గేటు దగ్గర దండలేసి, డప్పులతో ఇంటిదాకా దిగబెడతారు. ఆ ఊరేగింపు తియ్యమని పార్వతమ్మే నాకు ఫోన్ చేసినాది. నాకు ఆశ్చర్యమేసినాది. ఎవరినైనా పిలిపించుకోవచ్చు కదా. మీ బావ నిన్నే పిలమన్నాడు అన్నాది.

సాయంత్రం గేటు బయట కెమెరా పట్టుకుని నిలబడినాను. సైరన్ కూసినాది. ఒక్కొక్కరే స్నానాలు చేసి, తలలు దువ్వుకుని వస్తన్నారు. డప్పులోళ్ళు వాయిస్తన్నారు. సింహాచలం వచ్చినాడు.

నీలం డ్రెస్సులో వచ్చినాడు. స్నానం చెయ్యలేదు. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి, ముఖం మీద చెమట కారిన చారలున్నాయి. చొక్కా మీద నా ఆవనూనె మరక, దాని మీద ఆ రోజు పని మరక. మెడలో బంతిపూల దండ. డప్పులు వాటంతటవే ఆగిపోయినాయి. తోటోళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, ఇదేటి సింహాచలం, కడుక్కుని రా, మేం ఆగుతాం అన్నాడు. ఈయన నవ్వి, సైకిలు నడిపించుకుంటూ ముందుకి కదిలినాడు.

ఆ గేటు లోంచి మసితో బయటకొచ్చిన మా వాణ్ణి నేను చూడడం అదే మొదటిసారి. మార్కెట్టు మీదుగా, అందరూ చూస్తుండగా, క్వార్టర్ల లైనుదాకా అలగే నడిచినాడు. నేను పక్కనే నడుస్తన్నాను గానీ కెమెరా ఆన్ చెయ్యలేదు. లైనులో ఆడవాళ్ళు, పిల్లలు గుమ్మాల్లోకొచ్చినారు. శైలు మల్లెపందిరి కింద తువ్వాలుతో నిలబడి ఉన్నాది. తండ్రిని చూసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాది.

సింహాచలం సైకిలు స్టాండు వేసినాడు. గొంతు పెంచకుండానే చెప్పినాడు. "నా కూతురు అబద్ధం ఆడలేదు. ఇన్నేళ్ళూ రోజూ నేనిలగే ఉన్నాను. మీకు కనపడకుండా కడుక్కొచ్చినాను, అంతే."

 కూతురి కోసం, ఒక్క రోజూ తప్పని అలవాటు ఆఖరి రోజున తప్పినాడు. నేను పూసిన అబద్ధాన్ని ఆ మనిషి తన ఒంటిమీద వేసుకుని నిజం చేసినాడు.

తరవాత నా వైపు తిరిగినాడు. కెమెరా వేలాడేసుకుని ఉన్నాను.

"తియ్యవేటి బావా? మసి సరిపోయిందా? కింద కూకోమంటావా, నిలబడమంటావా?"

ఎకసెక్కానికి అడగలేదు. ఆ మనిషికి ఎకసెక్కం తెల్దు. వీడియో బాగా రావాలని, నాకు పని తెలుసని, నిజంగానే అడిగినాడు. కెమెరా ఎంత ఎత్తులో పెట్టాలో ఇంతమందికి చెప్పినవాణ్ణి, ఆ మనిషి ముందు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. తల దించుకుని నిలబడిపోయినాను.

శైలు తన ఫోన్ తీసినాది. తండ్రికి ఎదురుగా, తన కళ్ళెత్తులో పట్టుకున్నాది. "నిలబడు అయ్యా. తల పైకెత్తు" అన్నాది. ఆయన ఎత్తినాడు.

ఆ పిల్ల పాత వీడియో తీసేసినాది. అదే పాటకి ఇది పెట్టినాది. కట్ లేదు, జూమ్ లేదు. ఒక మనిషి దండ వేసుకుని మల్లెపందిరి ముందు నిలబడి ఉంటాడు, పాట అయ్యేదాకా అంతే. మధ్యలో ఒకసారి చెయ్యి ఎత్తి ముఖం తుడుచుకుంటాడు, అప్పుడు గోరు కనపడతాది. నేను తీసిన వాటికన్నా అది మంచి వీడియో, ముందు అదే చూసి రండి.

సరిగ్గా చూస్తే కుడివైపు మూల ఒక ముసలోడు కనపడతాడు, కెమెరా వేలాడుతూ, తల దించుకుని. శైలు ఫోన్ చేసి, "నువ్వు ఫ్రేములో పడినావు మావయ్యా, కత్తిరించమంటావా?" అని అడిగినాది.

ఉంచమన్నాను.